కర్రెమ్మ నొప్పి

నాకు కోపం ఎక్కువ. మా యూనివర్సిటీ హాస్టల్లో ఎవరినడిగినా చెప్తారు, అడగకపోయినా చెప్తారు. అందుకే కర్రెమ్మకు మందు వేసే పని నాదేనని నేను ప్రకటిస్తే ఎవరూ నోరెత్తలేదు.

కర్రెమ్మ మా మెస్సు గుమ్మం దగ్గరుండే ముసలి కుక్క. చలికాలం వచ్చిందంటే వెనక కాళ్లు పట్టేసి, లేవాలన్నప్పుడల్లా మూలుగుతుంది. తార్నాకలో పశువుల డాక్టర్ స్నేహలత దాని బరువు తూచి, కీళ్లవాపుకు సిరప్ రాసిచ్చారు. రోజుకొక్కసారి, తిన్నాక, సిరంజిలో ఈ గీత వరకే. "ఇది తప్ప ఇంకో నొప్పి మందు పడొద్దు వాసంతీ," అన్నారు. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నదాన్ని, నాకు గీతలు చెప్పాలా అనుకున్నాను.

ఆరో రోజు పొద్దున కర్రెమ్మ నెత్తురు కక్కింది.

ఆటోలో ఒళ్లో పెట్టుకుని తార్నాకకు తీసుకుపోయాను. డాక్టర్ సెలైన్ ఎక్కించి, రక్తం పరీక్ష చూసి, నా వైపు తిరిగారు. "కడుపుల పుండైంది. కిడ్నీల మీద దెబ్బ పడ్డది. నేను రాసిన డోసుకు ఇంత కాదు. మనుషుల గోలీలు ఎవరన్న వేసిన్రా? ఏ గోలీ, ఎన్ని, ఎప్పటిసంది? అది తెలిస్తేనే నేనేం చెయ్యాల్నో తెలుస్తది. మధ్యాహ్నం లోపల చెప్పు."

"కనుక్కొస్తా మేడం," అని బయటపడ్డాను.

మెస్సుకొచ్చి అరిచాను. వంట చేసే లచ్చమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తలేదు. వాచ్‌మన్ రాజలింగం టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "మాకేం ఎరుక బిడ్డా," అన్నాడు. ఇద్దరివీ కాంట్రాక్టు ఉద్యోగాలు. వార్డెన్ చెవిన పడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. నేను ఇంకా గట్టిగా అరిచాను. లచ్చమ్మ చాట ఇంకా జోరుగా ఆడింది.

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది నా యవ్వారం. మంగళవారం సాయంత్రం కర్రెమ్మ మూలుగు వినలేక, పొద్దున వేసిన మందే మళ్లీ పోశాను. బుధవారమూ పోశాను. డాక్టర్ అడిగినప్పుడు ఆ మాట మింగేశాను. చదువుకున్నదాన్ని, గీతలు తెలిసినదాన్ని. తలుచుకుంటే సిగ్గుతో ఒళ్లంతా మండింది. అయినా నా సిగ్గు కాపాడుకుంటే కుక్క బతకదు.

లచ్చమ్మ ఎదురుగా బండల మీద కూర్చున్నాను.

"లచ్చమ్మక్కా, నేను రెండు దినాలు డబుల్ పోసిన. డాక్టర్‌కు కూడ చెప్పలే. ఇప్పుడు ఫోన్ చేసి చెప్తున్న. మీరు ఏమన్న ఏసుంటే నాతోని చెప్పున్రి. వార్డెన్‌కు మాత్రం అన్నీ నేనే ఏసిన అని చెప్త."

చాట ఆగింది. లచ్చమ్మ కొంగుముడి విప్పి, సగం ఖాళీ అయిన గోలీల పట్టీ నా ముందు పెట్టింది. ఆమె మోకాళ్ల నొప్పి గోలీలు.

"దినాం సగం ముక్క, రొట్టెల పెట్టిన బిడ్డా. నాలుగు దినాలాయె. నా మోకాళ్లకు మంచిగైతున్నది, దానికి గాదా అనుకున్న. గది మూలిగితే నా పానం ఆగది."

రాజలింగం జేబులోంచి ఇంకో పట్టీ తీశాడు. "నడుము నొప్పికి నేనేసుకునేది. రెండే. పాలల్ల కలిపిన."

ఒకరు వేసిన సంగతి ఇంకొకరికి తెలియదు. అందరి కుక్క కదా, అన్నం పెట్టినట్టే అందరం మందు కూడా పెట్టాం.

నేను ఫోన్ చేశాను. "ముగ్గురం వేసినం మేడం. మొదలు నాది రాసుకోండ్రి."

డాక్టర్ నన్ను కడిగిపారేశారు. నోరు మూసుకుని పడ్డాను. తర్వాత పట్టీల మీద పేర్లు ఒక్కొక్కటే చదివించుకుని రాసుకున్నారు.

కర్రెమ్మ బతికింది. పది రోజులకు ఇంటికి పంపుతూ డాక్టర్ అన్నారు, "కిడ్నీలు సగమే మిగిలినయ్. ఇగ ఈ జాతి మందులు ఏవీ దానికి పడవు. వేరేది రాస్తున్న. గది పూర్తిగ ఆపదు, కొంచెం నొప్పి ఉంటనే ఉంటది."

ఇప్పుడు పొద్దున లచ్చమ్మ, మధ్యాహ్నం రాజలింగం, సాయంత్రం నేను దాని నడుముకు వేడి గుడ్డతో కాపడం పెడుతున్నాం. చెయ్యి తగలగానే అది మూలుగుతుంది. ఆ మూలుగు ఆపాలనే ముగ్గురం దాన్ని చావుదాకా తీసుకుపోయాం. లేచి పోవాలనిపిస్తుంది. లేవను. గుడ్డ మళ్లీ వేడి నీళ్లలో ముంచి, పిండి, దాని మీద వేసి, వింటూ కూర్చుంటాను.