సువార్తమ్మ బండ

సువార్తమ్మ వేళ్ల మీద బూటుకాలు పడేసరికి చేతిలోని కొర్రమీను జారి మెట్ల మీద ఎగిరింది.

"లెగమంటే లెగవేం?" అన్నాడు కాపలావాడు. కాలు తియ్యలేదు.

ఏలూరు కాలువ రేవులో చేపలు తోమే ప్రతి ఆడమనిషికీ ఒక బండ ఉంది. బూడిద చల్లి చేపను దానికేసి రుద్దితే పొలుసు ఊడిపోతుంది. అత్త పోతే బండ కోడలిది. పక్కావిడ దాని మీద చెయ్యేసినా తగువే. ఇప్పుడు రేవును లీజుకు పుచ్చుకున్న కనకరాజు చుట్టూ ఇనపకంచె వేశాడు. పడవ షికారట, హోటలట, గేటు దాటితే పది రూపాయల టికెట్టట. కిలో తోమితే మూడు రూపాయలొచ్చే మనిషి టికెట్టు కొనుక్కుని తన బండ దగ్గరికి తను వెళ్లాలి. సిగ్గులేని కాలం.

కంచె సందులోంచి దూరి వచ్చినందుకు కాపలావాడు ఆమెను జుట్టు పట్టి ఈడ్చి గేటు బయట పడేశాడు. రెండు వేళ్లు వంకర తిరిగాయి. గేటు బయటే నిలబడ్డ పక్క బండ సత్యవతి తన కొంగు చింపి కట్టు కట్టింది.

అంతలో కనకరాజే గేటు తీయించి ఇద్దరినీ లోపలికి పిలిచాడు. మధ్యాహ్నం హోటలు ప్రారంభం. రెండు గంపల నిండా కొర్రమీను, ఇంకా ప్రాణంతో కొట్టుకుంటోంది.

"కుళాయి దగ్గర కూర్చుని తోమండి. కిలోకి పదిస్తా. రేపట్నించి మాత్రం ఇటు రాకూడదు."

ఇంట్లో బియ్యం లేవు. అయినా సువార్తమ్మ అడిగింది. "మా బండల మీదైతే తోముతామండి."

"ఏ బండలు?" అని కనకరాజు చెయ్యి ఊపాడు. మెట్ల మీదున్న కూలీ సమ్మెట ఎత్తాడు. అత్త చేతులూ తన చేతులూ అరిగి నున్నన చేసిన రాయి ఒక్క దెబ్బకు రెండైంది.

సువార్తమ్మ ఏడవలేదు. ఒక గంపను మెట్ల దాకా ఈడ్చుకెళ్లి బోర్లించింది. చేపలు ఒకదాని మీదొకటి జారుతూ కాలువలో పడ్డాయి.

కాపలావాడి లాఠీ భుజం మీద పడింది. మళ్లీ పడింది. ఆమె మోకాళ్ల మీద కూలింది గాని గంప వదల్లేదు.

"మేం తోమమండి," అంది, నోట్లో రక్తం ఉమ్మి.

"గేటు మూసెయ్యరా," అని కేకేశాడు కనకరాజు.

అప్పటికే సత్యవతి రెండో గంపను చంకనెత్తుకుని మెట్లు దిగుతోంది.