తలా తోకా లేని పాటలు

పోయిన గురువారం నా భార్య నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. మరీ దూరమేం కాదు. పబ్బులో మా బల్ల దగ్గర్నుంచి లేచి, కిటికీ పక్కనున్న హిల్డా జట్టు బల్ల దగ్గరికి. మధ్యలో అడ్డం ఎవరిదో ఒక కుక్క మాత్రం ఉంది, అది కూడా పక్కకి జరిగి దారిచ్చింది.

జరిగింది చెప్తాను, న్యాయం మీరే చెప్పండి. మా ఊల్‌ప్యాక్ పబ్బులో గురువారం గురువారం క్విజ్ పెడతారు. గెలిచిన జట్టుకి మాంసం కొట్టు నుంచి పళ్ళెం నిండా సాసేజీలు, చాప్స్, ఒక పెద్ద బేకన్ ముక్క. ఈ పళ్ళెం కోసం ఇంగ్లండులో మా యార్క్‌షైర్ వాళ్ళం తోడబుట్టినవాళ్ళతో కూడా మాటలు మానేస్తాం. ఆ రోజు పబ్బు యజమాని ఆల్విన్ మైకు పట్టుకుని ఆఖరి ప్రశ్న అడిగాడు. "«మార్జరీ, తలుపు తియ్యి» అనే పాట చార్టులో మొదటి స్థానానికి రాకుండా అడ్డుపడిన పాట ఏది?"

నా భార్య గ్లెనిస్ నా చెవిలో "«చలి చలి మంగళవారం»" అంది.

మా బల్ల దగ్గర పెన్ను ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుంది. ఏ వారం ఏ పాట ఎక్కువ అమ్ముడైందో చెప్పే పాత పాటల చార్టుల విషయంలో ఈ లోయ మొత్తం మీద నన్ను మించినవాడు లేడని ఎవరినడిగినా చెప్తారు. అంటే, నన్నడిగితే చెప్తాను. "నీకు తెలీదు, ఊరుకో" అని వేరే పాట రాశాను. గ్లెనిస్ చెప్పిందే రైటు. ఒక్క మార్కు తేడాతో పళ్ళెం పోయింది. అప్పుడైనా నోరు మూసుకుని కూర్చోవాల్సింది. నా నోటికి ఆ అలవాటు లేదు.

"నేనూ అదే అనుకున్నాను" అన్నాను.

గ్లెనిస్ తన కోటు, సంచి, జిన్ను గ్లాసు తీసుకుని లేచింది.

"ఎక్కడికే?"

"చెప్పింది రాసుకునేవాళ్ళ దగ్గరికి."

ఇంట్లో మళ్ళీ అంతా మామూలే. టీ పెడితే ఇద్దరికీ పెడుతుంది, టీవీ చూస్తూ నా భుజం మీదే కునుకు తీస్తుంది. క్విజ్ మాటెత్తితే మాత్రం "నాకు వేరే జట్టుంది కదా" అంటుంది, ఏ ఫ్రాన్సుకో ఆడుతున్నట్టు. వారం రోజులు నాకు తిండి సయించలేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నాకు బీరు కూడా చేదుగా ఉంది. బీరు చేదుగానే ఉంటుందనుకోండి, ఇది వేరే చేదు.

ఇంతలో ఆల్విన్ ఒక కాగితం అంటించాడు: ఈ గురువారం అన్నీ పాత పాటల ప్రశ్నలే. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నా పథకం చాలా సులువు. ప్రతి ప్రశ్నకీ జవాబు రాస్తాను. పబ్బంతా నోరెళ్ళబెడుతుంది. గ్లెనిస్ అది చూసి, ఇలాంటి మొగుణ్ణా నేను వదులుకున్నది అని కోటు తీసుకుని వెనక్కొస్తుంది. క్షమించమని ఒక్క మాట అడిగితే ఇంత శ్రమ అక్కర్లేదని మీకు తట్టింది. నాకు తట్టలేదు.

నా చదువు గురించి కూడా చెప్పాలి. చిన్నప్పుడు ఆదివారం సాయంత్రం రేడియోలో ఆ వారం చార్టు చదువుతూ ఆ పాటలు వేసేవాళ్ళు. వీధిలో పిల్లలందరూ బంతాడుకుంటుంటే నేను రేడియో ముందు టేపురికార్డరు పెట్టుకుని, మీట మీద వేలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేవాణ్ణి. పాట మొదలైనా ఆ చదివే ఆయన వాగుడు ఆపడు. ఆయన నోరు మూసిన క్షణాన మీట నొక్కాలి. చివర్లో ఆయన మళ్ళీ నోరు తెరవబోతుండగా ఆపెయ్యాలి. ఒక్క మాట కూడా పడకుండా పట్టేవాణ్ణి. అలా నిండిన టేపులు మా అటక మీద ఇప్పటికీ ఉన్నాయి. గ్లెనిస్ వాటిని పారేస్తానని బెదిరిస్తూనే ఉంటుంది.

గురువారం వచ్చింది. నా జట్టులో మిగిలింది సిరిల్ ఒక్కడే. సిరిల్‌కి ఒక చెవి వినపడదు, రెండో చెవితో వినడం ఇష్టం ఉండదు. చిప్స్ పొట్లం కోసం వస్తాడు. హిల్డా మా పక్కనుంచి వెళ్తూ ఆగింది. ఊరి గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మనిషి, ఇప్పటికీ అందరినీ నిశ్శబ్దం అన్నట్టే చూస్తుంది.

"ఏం నోరిస్, ఇద్దరే ఉన్నారా?"

"పులికి గుంపెందుకు హిల్డా" అన్నాను.

"పులా? ఎక్కడ?" అని సిరిల్ తలెత్తాడు.

గ్లెనిస్ నీలం కార్డిగన్ వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. పక్క కుర్చీలో తన సంచి పెట్టుకుంది. నావైపు చూసి చెయ్యూపింది, దూరపు చుట్టాన్ని చూసినట్టు.

మొదటి రౌండు సంవత్సరాలు. రెండోది స్థానాలు. నేను రెచ్చిపోయాను. ఏ పాట ఏ ఏడాది, ఎన్నో స్థానంలో అడుగుపెట్టింది, ఎక్కడ ఆగింది, అడగడమే ఆలస్యం, రాసెయ్యడమే. ఆల్విన్ మార్కులు చదివితే మేమే ముందు. హిల్డా మొహం చూడాలి! నేను చూశాను, తనివితీరా చూశాను. గ్లెనిస్ వైపు చూసి కనుబొమ్మలు కూడా ఎగరేశాను. ఆమె వేరుశెనగలు తింటోంది.

"ఇక ఆఖరి రౌండు. ఇది తేలిక" అన్నాడు ఆల్విన్. "పాట మొదలు మాత్రమే వేస్తాను. గొంతు వినపడక ముందే ఆపేస్తాను. పేరు రాయండి."

"వీడు మనకి పళ్ళెం ఉచితంగా ఇచ్చేస్తున్నాడు" అన్నాను సిరిల్‌తో.

మొదటిది వేశాడు. వయొలిన్లు ఏవో కొంచెంసేపు మోగి ఆగిపోయాయి. నేను పెన్ను పట్టుకుని ఎదురు చూశాను. నా బుర్రలోంచి ఏమీ రాలేదు. పోన్లే, అరుదైన పాటేమో అనుకున్నాను. చుట్టూ చూస్తే అందరూ రాసేస్తున్నారు. ఆ కుక్కకి కూడా తెలిసినట్టుంది, తోకాడిస్తోంది.

రెండోది డప్పులు. ఏమీ లేదు. మూడోది ఎవరో ఈల వేశారు. ఏమీ లేదు. అప్పుడు నాకు ఆ ఆదివారాలు గుర్తొచ్చాయి. ఆ చదివే ఆయన ప్రతి పాట మొదట్లోనూ మాట్లాడేవాడు. నేను ప్రతి పాట మొదలూ కోసేసేవాణ్ణి. నా అటక మీదున్న పాటల్లో దేనికీ తల లేదు. ఆ మాటకొస్తే తోకా లేదు. జన్మంతా తలా తోకా లేని పాటలు విని, చార్టులకి నన్ను మించినవాడు లేడని ఊరేగాను!

"గొంతు ఎప్పుడొస్తుంది?" అని అరిచాను.

"రాదు నోరిస్. అదే కదా రౌండు" అన్నాడు ఆల్విన్. పబ్బంతా నవ్వింది.

కిటికీ దగ్గర మాత్రం పండగలా ఉంది. పాట మొదలవ్వడమే ఆలస్యం, గ్లెనిస్ ముందుకి వంగి ఏదో చెప్తోంది. హిల్డా మారు మాట్లాడకుండా రాసుకుంటోంది. ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా గ్లెనిస్ మొహమే చూస్తున్నారు. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. నా భార్య అంత అందంగా ఉండి ఎన్నాళ్ళయిందో అనుకున్నాను. అంతలోనే, నేను పక్కన లేకపోవడం వల్లే అలా ఉందని తట్టింది.

"ఆఖరిది" అన్నాడు ఆల్విన్.

పియానో. మెట్లు దిగుతున్నట్టు నాలుగు సుళ్ళు తిరిగి ఆగింది. పబ్బులో సగం మంది అబ్బా అన్నారు. ఎవరో కూనిరాగం తీశారు. గ్లెనిస్ ఈసారి ముందుకి వంగలేదు. తిన్నగా నావైపే చూసింది. తెలియదని రాయడం నా వంట్లో లేదు కనక, నేను తల గోక్కుని «చలి చలి మంగళవారం» అని రాశాను.

ఆల్విన్ జవాబులు చదివాడు. "ఆఖరి పాట: «నీ గొడుగులో చోటుందా»."

సిరిల్ నమలడం ఆపాడు. వాడికి కూడా వినపడింది. "ఒరేయ్, అది మీ పెళ్ళి పాట కదరా!"

ఇక చూడండి, నవ్వులు. ఆల్విన్ మైకు పక్కన పెట్టి మరీ నవ్వాడు. గ్లెనిస్ ఒక్కతే నవ్వలేదు. మాంసం పళ్ళెం కిటికీ బల్లకి వెళ్ళింది. నేను తలదించుకుని కూర్చోవచ్చు. లేదు, తగుదునమ్మా అని లేచి, కుక్కని దాటుకుని, సంజాయిషీ చెప్పడానికి అక్కడికే వెళ్ళాను.

"చూడు గ్లెనిస్, నా టేపులో ఆ పాటకి మొదలు లేదు. అందుకని..."

"పెళ్ళిలో ఉంది" అంది. "మొదలు ఉంది. నువ్వే లేవు."

"అదేంటి? మనం డాన్సు చేశాం కదా!"

"సగం పాటయ్యాక వచ్చావు. రికార్డులేసే అబ్బాయి 'నంబర్ వన్ పాట' అన్నాడని వాడితో గొడవకి దిగావు. అది మూడో స్థానం దాకానే వచ్చింది, నంబర్ వన్ అన్నది ఇంకో పత్రిక వాళ్ళ చార్టు, అది లెక్కలోకి రాదు అని. నేను తెల్ల గౌను వేసుకుని హాలు మధ్యలో నించున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు."

"మూడో స్థానమే" అని నా నోరు దానంతటదే అనేసింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడు చచ్చేదాకా మారడు.

"ఇంక వెళ్ళు నోరిస్" అంది హిల్డా. ఆమె గొంతులో ఎగతాళి లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

వెళ్దామనే వెనక్కి తిరిగాను. కానీ ఆ పియానో ఇంకా చెవిలో మోగుతోంది, ఆ హాలు మధ్యలో తెల్ల గౌనుతో ఈమె నించుని ఉంది. మళ్ళీ ఇటు తిరిగాను.

"నేను వచ్చేదాకా ఏం చేశావు?" అని అడిగాను.

గ్లెనిస్ నన్ను అనుమానంగా చూసింది. "ఇదేమన్నా క్విజ్ ప్రశ్నా? నేను చెప్తే, కాదు అనడానికా?"

"కాదు. నాకు జవాబు తెలీదు."

ఈ మాట నా నోట ఆమె ఎప్పుడూ విన్నట్టు లేదు. పక్క కుర్చీలోంచి సంచి తీసి కింద పెట్టింది. నేను కూర్చున్నాను.

"మీ నాన్న లేచొచ్చాడు" అంది. "'మావాడు అక్కడ లెక్కలు తేలుస్తున్నాడమ్మా, ఈలోగా నాతో కానియ్' అన్నాడు. ఆయనకి ఒక్క అడుగు వస్తే ఒట్టు. నా గౌను తొక్కాడు. నువ్వొచ్చేదాకా నా చెవిలో సారీ సారీ అంటూనే ఉన్నాడు. నీ బదులు."

మా నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన డాన్సు చేశాడని నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు.

"ఆ తరవాత?" అన్నాను.