పొడి దుక్కిలో లెక్క

ఆ ఏడు పంటకాలం మొదట్లో కొట్టాయన చేతిలో ఉన్నవి ఇవి: అరల నిండా మొక్కజొన్న విత్తనం, చుట్టుపక్కల రైతుల్లో చెల్లుబాటయ్యే మాట, పంటల పరిశోధన కేంద్రంలో పనిచేసే కూతురు. మూడింట్లోనూ కూతురే అసలు పెట్టుబడి అని ఆయన నమ్మకం. విత్తనం ఎవరైనా అమ్ముతారు. మొక్క ఏ వారం ఏం చేస్తుందో ముందే చెప్పగల కూతురు ఏ కొట్టుకీ లేదు.

నిజానికి చెప్పేది కూతురు కాదు, కంప్యూటర్. నేల, ఎండ, వాన, విత్తనం రకం, విత్తిన తేదీ ఇస్తే కంకి ఎప్పుడు పీచు వేస్తుందో, గింజ ఎంత పడుతుందో అది లెక్క కడుతుంది. కాకపోతే అది ఎక్కడో లోతైన నల్లనేలల్లో పుట్టిన లెక్క. దాన్ని ఈ పలచటి ఎర్రనేలకి సరిపడేలా దిద్దడం కూతురి ఉద్యోగం. ఆమె చేలల్లో గోతులు తవ్వించి నేల లోతు కొలిపించింది. ఇక్కడి ఎండ వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఇక్కడ అమ్ముడయ్యే రకాలు ఎక్కించింది. విత్తిన తేదీలు కావాలని తండ్రిని అడిగితే, ఆయన గల్లా దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి రైతు నుంచీ రాబట్టి పంపాడు.

మొదటి వానల తర్వాత మబ్బులు ముఖం చాటేయడంతో జలాశయంలో నీళ్లు ఒక్క తడికే వస్తాయని తేలింది. ఏ వారం వదలాలో రైతులంతా కలిసి ముందుగా చెప్పుకోవాలని కాలువ అధికారి కబురు చేశాడు. పీచు వేసే వారం తడి అందితే కంకి నిండుతుంది, అందకపోతే బోడి. కొట్టు ముందు వాదులాట మొదలైంది. అందరికంటే పెద్ద చేను కొట్టాయన బావమరిదిది. ఇంకొన్నాళ్లాగి మొక్క వాలకం చూసి చెబుదామన్నాడతను. ఆగితే కాలువ ఎగువవాళ్లు ముందే అడిగేస్తారని మిగతావాళ్ల భయం.

"మా అమ్మాయి లెక్క కట్టింది," అన్నాడు కొట్టాయన. "ఏ వారం పీచు వేస్తుందో అందులో ఉంది. పూచీ నాది."

"మేనకోడలి మాట కాదంటే మా అక్క నన్ను గుమ్మం తొక్కనివ్వదు," అని బావమరిది కూడా ఒప్పుకున్నాడు.

ఆ వారం దగ్గరపడేసరికి మొక్కలు నడుమెత్తు మాత్రమే ఉన్నాయి. పూత జాడ లేదు. వారం మార్పించుకొస్తానని బావమరిది బయలుదేరితే, కంగారు పడితే అందరిముందూ పలచనైపోతామని కొట్టాయనే ఆపాడు. నీళ్లు వచ్చాయి, చేలు తాగాయి, కాలువ ఆరింది. పూత మాత్రం రాలేదు.

కూతురు సెలవు పెట్టుకుని వచ్చింది. తండ్రి వెంట ఆయన బావమరిది చేలోకి వెళ్లి, మొక్క వయసు తేల్చడానికి వంగి ఆకులు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"మామయ్యా, మొలక ఎప్పుడొచ్చింది?"

"వాన పడ్డాక."

"విత్తాక ఎన్నాళ్లకి?"

"చాలా రోజులకే. పొడి దుక్కిలోనే వేసేస్తాం కదమ్మా. వాన పడేదాకా గింజ అలాగే ఉంటుంది."

ఆమెకి తప్పెక్కడ జరిగిందో అర్థమైంది. ఆ లెక్క పుట్టినచోట నేల తడిసి పదునయ్యాకే విత్తుతారు. అందుకని కంప్యూటర్ గింజ నేలలో పడిన రోజు నుంచే మొక్కకి వయసు కడుతుంది. మట్టిలో పడి ఊరికే నిద్రపోయిన గింజకి కూడా రోజుకింత వయసు పోసేసింది.

"నాకెవరూ చెప్పలేదేం నాన్నా?"

నేల నెర్రెలిచ్చిన ఎండలో విత్తనం అమ్మింది కొట్టాయనే. కూతురు విత్తిన తేదీ అడిగింది, రైతులు విత్తిన తేదీ చెప్పారు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరి నోటా రాలేదు.

తండ్రీకూతుళ్లు కాలువ అధికారి దగ్గరికి పరుగెత్తారు. ఆయన కసురుకోలేదు. కుర్చీలు వేయించాడు, సాంతం విన్నాడు, జలాశయం గట్టు మీదికి తీసుకెళ్లాడు. అడుగున మిగిలిన నీళ్లు తూము గడప కంటే కిందికి దిగిపోయి, ఎండకి మెరుస్తున్నాయి.

"తలుపు ఎత్తమంటే ఇప్పుడే ఎత్తుతాను," అన్నాడు. "గాలి వస్తుంది."

ఇంటికొచ్చి కూతురు తప్పు దిద్దింది. దిద్దడానికి ఎంతోసేపు పట్టలేదు. పీచు సరిగ్గా నేల ఎండిపోయే వారానికి పడింది. గింజ సగానికి సగం కూడా లేదు. తప్పు అంకె వేసినట్టున్నావు, మళ్లీ చూడమన్నాడు కొట్టాయన. చూసింది. అదే వచ్చింది.

"పోనీ, ఆ వారం ఒక వాన పడిందనుకో."

ఆమె ఒక అంకె కొట్టింది. తెర మీద దిగుబడి గీత లేచి నిలబడింది. దాన్ని చూస్తే కొట్టాయనకి ప్రాణం లేచొచ్చింది. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఇది నేను పోసిన వాన నాన్నా," అని ఆమె ఆ అంకె చెరిపేసింది.

తర్వాత చేయడానికేమీ లేకపోయింది. ఆకాశాన్ని బతిమాలడానికి కొట్టాయన దగ్గర పలుకుబడి లేదు. రోజూ చేలవైపు వెళ్లేవాడు. దిద్దిన లెక్క చెప్పిన వారానికే పీచు వచ్చింది, మెత్తగా, పసుప్పచ్చగా, ఎంతో ముచ్చటగా. ఆ ఎండలోనే మాడిపోయింది. కోత రోజు బావమరిది ఒక కంకి ఒలిచి చూపించాడు. పళ్లూడిన చిగుళ్లలా, ఇక్కడో గింజ అక్కడో గింజ.

"ఈసారి మా మేనకోడలి లెక్కకి తిరుగులేదు బావా," అన్నాడు. "ఎంత పోతుందందో అంతా పోయింది."

వెటకారమో, ఓదార్పో కొట్టాయనకి తెలియలేదు. ఏదైనా పడక తప్పదని ఆ కంకి అందుకున్నాడు.

ఆ కోత కొలతలు కూతురు కేంద్రానికి తీసుకెళ్లింది. తెర మీది దిగుబడికీ చేలో దిగుబడికీ తేడా లేనంతగా కలిసిందని పైవాళ్లు మెచ్చుకున్నారట. ఈ ప్రాంతానికి లెక్క కుదిరినట్టే అన్నారట. ఆ మాట ఆమె ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. మంచిదేనమ్మా అన్నాడు కొట్టాయన.

మళ్లీ విత్తే రోజులొచ్చాయి. కొందరు ఆ కొట్టుకే వచ్చారు, కొందరు అవతలి వీధి కొట్టుకి మళ్లారు. వచ్చినవాళ్లు కూడా విత్తనం తీసుకుని వెళ్లారే తప్ప, నీళ్ల గురించి ఆయన్ని మాట అడగలేదు.

పోయినవన్నీ ఒకవైపు పెట్టి చూస్తే, ఆ ఏడు వచ్చింది ఒక్కటే. కూతురి కంప్యూటర్‌లో విత్తిన తేదీ రాసే గడి పక్కన, నేల తడిసిన తేదీ రాయడానికి కొత్తగా ఇంకో గడి.