పొగ వెయ్యని ఇల్లు

వావిలి కొమ్మని ఎడంచేత్తో వంచి, కుడిచేత్తో ఆకు దూస్తోంది గున్నమ్మ. పొద్దుటినించీ వంగి ఉన్న నడుం ఇక లేవనని మొరాయిస్తోంది. వేళ్ళ సందుల్లో పసరు ఎండి నల్లగా అట్టకట్టింది. వేపాకు నిన్నే కోసి ఇసుకలో ఆరబెట్టింది. రెండూ కలిపి కొబ్బరిపీచు నిప్పుల మీద వేసి, సాయంత్రం పేటలో ఇల్లిల్లూ తిరిగి పొగ వెయ్యాలి. పేట ఉప్పుటేరు పక్కనే. వాన పడితే చాలు, దోమలదే రాజ్యం. ప్లగ్గులో పెట్టే మందు కొనుక్కున్నవాళ్ళు కూడా కరెంటు పోగానే "గున్నమ్మక్కా!" అని కేకేస్తారు. చేపో, చారెడు బియ్యమో, ఎవరికి తోచింది వాళ్ళు ఆమె కొంగులో పోస్తారు.

ఊరందరికీ పొగ వేసే ఈ మనిషి తన ఇంట్లో మాత్రం వెయ్యకూడదు. మొగుడు కూర్మయ్యకి ఆయాసం. కాస్త పొగ తగిలితే ఊపిరందక గిలగిల్లాడిపోతాడు. పోనీ దోమలకి వదిలేద్దామా అంటే, కిందటేడు మలేరియా వచ్చి చావు తప్పి కన్ను లొట్టపోయింది. మళ్ళీ జ్వరమొస్తే ఈ ఒళ్ళు తట్టుకోలేదని డాక్టరమ్మ మొహమ్మీదే చెప్పేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆస్పత్రివాళ్ళు దోమతెర ఇవ్వలేదా అంటారేమో! ఇచ్చారు. ఆ మహానుభావుడు, అప్పటికింకా కాళ్ళాడుతున్నాయి కదా, దాన్ని రెండు కర్రలకి కట్టి ఏట్లో రొయ్యపిల్లలు పట్టేశాడు. అంత సన్నకన్ను వల చేతికొస్తే, వేటకెళ్ళే మనిషి దాన్ని మంచానికి కట్టుకుని పడుకుంటాడా? వారం తిరక్కుండా తెర పీలికలైపోయింది.

అందుకని మధ్యాహ్నం ఇంటికొచ్చి, వేపనూనెలో కొబ్బరినూనె కలిపి అతని కాళ్ళకీ చేతులకీ పట్టించింది. పిక్కల్లో కండ లేదు. ఎముక చేతికి తగులుతోంది.

"ఏటే, నన్ను ఊరగాయెట్టేస్తన్నావా?" అన్నాడు కూర్మయ్య. మాటకీ మాటకీ మధ్య గొంతులో పిల్లికూత.

"నోర్మూసుకో మావా. సేదుంటేనే దోమ రాదు."

"దోమేటి, ఈ కంపుకి సావు కూడా రాదు."

గున్నమ్మకి చర్రుమంది. కోపం కాదది, భయం. ఇతను పోతే నోరారా తిట్టడానికైనా తనకో మనిషి మిగలడు. అరికాళ్ళకి ఇంకాస్త నూనె రాసింది.

పొద్దు వాలుతుంటే, కాస్త కనిపెట్టి ఉండమని పక్కింటి దుర్గకి చెప్పి, నిప్పులమూకుడు పట్టుకుని బయలుదేరింది. గడపగడపకీ ఆగింది, మంచాల కిందకి వంగింది, పశువుల పాకల్లోకి దూరింది. కళ్ళు మండి నీరు కారుతున్నాయి. ఆఖరి ఇల్లు అయ్యేసరికి కాళ్ళు తనవి కావన్నట్టున్నాయి. రోజూ అయితే మూకుడు కంచె బయటే దింపి, తల కడుక్కుని, చీర మార్చుకుని గానీ లోపలికెళ్ళదు. చీరకంటిన పొగవాసనకే అతనికి దగ్గు తెరలు తెరలుగా వచ్చేస్తుంది.

ఇవాళ ఆ అలసటలో మరిచిపోయింది. మూకుడుతో సహా తిన్నగా ఇంట్లోకి నడిచింది. మంచం దాకా వెళ్ళాక గుర్తొచ్చి, "అయ్యయ్యో!" అని వెనక్కి తిరగబోయింది.

పొగ అప్పటికే అతని మొహం మీదుగా పాకిపోయింది. కూర్మయ్య దగ్గలేదు.

గున్నమ్మ మూకుడు కిందపెట్టింది. "మావా" అంది. భుజం పట్టుకుని కుదిపింది. పొగ ఇల్లంతా నిండుతోంది.

"తిట్టు మావా. ఒక్కపాలి దగ్గు" అంది. ఆపైన గొంతెత్తి ఏడ్చింది.

దుర్గ పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇందాకలే టీ ఇచ్చినాను గదక్కా. బాగానే మాట్లాడినాడు. సగం తాగి, 'అదొచ్చి తాగుతాది, మూతెట్టీ' అన్నాడు."

మంచం కోడు పక్కన స్టీలు గ్లాసు, దాని మీద చిన్న సత్తుమూత. అడుగున సగం టీ, చల్లారి తెట్టు కట్టి ఉంది.