బ్రేకు మాస్టారి కుడికాలు

డ్రైవింగ్ స్కూలు మాస్టారి అసలు పేరు ఆయన భార్యకే ఆలోచిస్తే గానీ గుర్తురాదు. ఊరంతటికీ ఆయన బ్రేకు మాస్టారు. నేర్చుకునేవాడు స్టీరింగు పట్టుకుంటే పక్కసీట్లో ఈయన కూర్చుంటాడు. ఈయన కాలికింద ఇంకో బ్రేకు ఉంటుంది. గుంత కనబడితే తొక్కుతాడు, కుక్క కనబడితే తొక్కుతాడు, ఏదీ కనబడకపోతే ఎక్కడో దాక్కుని ఉంటుందని తొక్కుతాడు. ఆయన శిష్యులెవరూ ఇంతవరకూ దేన్నీ గుద్దలేదు. గుద్దాలంటే ముందు బండి కదలాలి కదా.

అలాంటి మనిషికి పిడుగు లాంటి కూతురు పుట్టింది. ముద్దుపేరు కూడా పిడుగే. స్నేహితురాలి పుట్టినరోజున పిల్లలంతా గో-కార్టులు నడిపే చోటికి వెళ్లారు. బొమ్మకారుకు నిజం ఇంజను తగిలించినట్టుండే ఆ బండిని ఒక్కసారి నడిపొచ్చి, రేసుల్లో చేర్పించమని ఇల్లు పీకి పందిరేసింది. మాస్టారు ససేమిరా అన్నాడు.

"మనింట్లో ఒక్కరైనా ముందుకు పోతామంటే అడ్డం పడతారేంటండీ" అని భార్య వెళ్లి క్లబ్బులో చేర్పించేసింది.

తల్లి తీసుకెళ్లిన రోజున పిల్ల రివ్వున పోయేది. తండ్రి వెళ్లిన రోజున చల్లబడిపోయేది. తను దగ్గరుంటే పిల్ల ఒళ్లు దగ్గర పెట్టుకుంటోందని మాస్టారు తెగ మురిసిపోయి, ఆ తరవాత ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఏం మనిషండీ!

క్లబ్బు జట్టుకు పిల్లల్ని ఎంచే రోజు రానే వచ్చింది. ఆ రోజు రెండు రేసులు. ఏదో ఒకదానిలో మొదటి ముగ్గురిలో ఉంటేనే జట్టులో చోటు, లేకపోతే మళ్లీ ఏడాది దాకా ఆగాలి. పిల్లకి రాత్రంతా నిద్ర లేదు. మాస్టారు మాత్రం తెల్ల కాన్వాస్ బూట్లు తొడుక్కుని, అందరికంటే ముందొచ్చి, పెద్ద మలుపు పక్కన కంచె పట్టుకుని నిలబడ్డాడు.

మొదటి రేసులో పిడుగు తిన్నటి దారిలో అందర్నీ దాటేసింది. పెద్ద మలుపు దగ్గర ఇంజను మూలిగింది, బండి నీరుగారింది, వెనకవాళ్లు బిలబిలమని పక్కనుంచి పోయారు. తరవాతి చుట్టులోనూ అదే వరస. చివరికి అందరికన్నా వెనక వచ్చింది. హెల్మెట్ తీసేసరికి మొహం కందగడ్డలా ఉంది.

"బండి బాగానే ఉంది. పిల్లా బాగానే నడుపుతోంది. ఆ ఒక్క మలుపు దగ్గరే ఏమవుతోందో నాకంతు పట్టట్లేదు" అంది కోచ్.

మాస్టారి భార్య కంచె పక్కన నేలకేసి చూస్తోంది. మాస్టారి కుడికాలి కింద మట్టి లేచిపోయి చక్కటి గుంత పడింది.

"ఏమండీ, ఇక్కడ బావి తవ్వుతున్నారా?"

"నేనా? నేనేం చేశాను?"

"నువ్వు తొక్కితే నేనూ తొక్కేస్తున్నా నాన్నా" అంది పిల్ల, ముక్కు ఎగబీలుస్తూ. "కార్టులో నేలకానుకుని కూర్చుంటే ఎవరి మొహాలూ కనబడవు, కాళ్లే కనబడతాయి. నీ కాలు కిందికి దిగిందంటే ఏదో ఉందనే కదా."

ఊహ తెలిసినప్పటినుంచీ ఆ పిల్ల తండ్రి కారు వెనకసీట్లో కూర్చుని చూసింది ఆ కాలినే. అది దిగితే ప్రమాదం, పైకి లేస్తే క్షేమం. పాపం, ఆమె కాలు తండ్రి మాట విన్నంతగా తన మాట వినడం లేదు.

"ఈసారి కదపను తల్లీ. ఒట్టు" అన్నాడు మాస్టారు.

"నిద్రలో కూడా మంచం తన్నే మనిషి మీరు" అంది భార్య.

పిల్ల హెల్మెట్ పట్టీ లాగుతూ, తలెత్తకుండా, "నాన్నా, నువ్వు బయటికి వెళ్లిపోవా?" అంది.

మాస్టారికి చెంప మీద కొట్టినట్టయింది. గేటు దాటి, ఎత్తు గోడ అవతల కార్లు ఆపేచోట ఒక్కడే నిలబడ్డాడు. ఇక్కణ్నుంచి ఏమీ కనబడదు, చప్పుడు ఒక్కటే వినబడుతుంది. రెండో రేసు మొదలైంది. పెద్ద మలుపు ఎటుందో తెలుసు. ఆ వైపు ఏ ఇంజనూ మూలగడం లేదు. నా పిల్ల ఆ మలుపులో అంత జోరుగా పోతోందా అనుకునేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో టైర్లు కీచుమన్నాయి. ఎవరో గట్టిగా అరిచారు. పరిగెత్తుకెళ్లి చూద్దామా అనుకున్నాడు, మళ్లీ తనే ఆగిపోయాడు. బతుకులో అంత కష్టమైన పని ఆయన ఇంకొకటి చెయ్యలేదు.

చాలాసేపటికి గేటు తెరుచుకుంది. పిల్ల హెల్మెట్ చంకలో పెట్టుకుని నడిచొచ్చింది. మోచేతికి గీరుకుంది, మొహం వెలిగిపోతోంది.

"మూడోదాన్ని. జట్టులోకి తీసుకున్నారు."

మాస్టారు ముందు ఆ మోచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత అడిగాడు, "మలుపు దగ్గర భయం వెయ్యలేదా?"

"వేసింది. నీ కాళ్ల కోసం చూశా. లేవు. సరేలే అని పోనిచ్చేశా."

మాస్టారి గుండెలో ఎక్కడో కలుక్కుమంది. సంతోషం లేకపోలేదు, బోలెడంత ఉంది. కలుక్కుమన్నది మాత్రం దాని వల్ల కాదు.

పిల్ల ఆయన నడుం చుట్టూ చేతులేసి, చెమట మొహాన్ని చొక్కాకు తుడిచేసుకుంది.

"వచ్చే ఆదివారం కూడా రాకు నాన్నా."

"అలాగే తల్లీ" అన్నాడు.