నిద్రవేళ కబుర్లు

మధ్యాహ్నం భోజనాలయ్యాక నలభై నిమిషాలు పిల్లలు చాపల మీద పడుకోవాలి. నిద్ర పట్టకపోతే కళ్ళు మూసుకోవాలి. అదీ కుదరకపోతే కనీసం నోరు మూసుకోవాలి. కెనడాలో థండర్ బే అనే ఊళ్ళోని ఆ బడిలో ముప్ఫై ఏళ్ళుగా నాలుగేళ్ళ పిల్లలకు టీచరుగా ఉన్న అయిలీ కొస్కెలాకు ఈ ఆఖరిది ఏ ఏడూ సాధ్యపడలేదు. ఈ నవంబరులో మాత్రం సాధ్యపడింది. పద్దెనిమిది మంది పిల్లలున్నారు, ఒక్కరి గొంతూ వినపడదు.

"ఏం మంత్రం వేశారు?" అన్నాడు హెడ్మాస్టరు ప్రెస్కాట్ తలుపు దగ్గర ఆగి.

"అనుభవం," అంది అయిలీ కొంచెం గర్వంగానే.

లోపల మాత్రం అనుమానం పీకుతూనే ఉంది. ఉన్నట్టుండి ఏదో ఒక దుప్పటి గజగజ ఊగేది. ఎవరో ముక్కుతో నవ్వు ఆపుకునేవారు. ఆమె తలెత్తి చూస్తే అందరి కళ్ళూ గట్టిగా బిగించి ఉండేవి. నిజంగా నిద్రపోయేవాళ్ళు అంత కష్టపడి కళ్ళు మూసుకోరు.

ఆ ఏడే తరగతిలో ఓడెట్ చేరింది. ఆ పిల్లకి పుట్టుకతోనే వినపడదు. అమ్మానాన్నలకీ వినపడదు. ఆ ఇంట్లో అందరూ చేతులతోనే గలగలా మాట్లాడుకుంటారు. జాబితాలో ఆ పేరు చూసి అయిలీ గుండెల్లో రాయి పడింది. "ఆ పిల్లకి నేనేం చెప్పగలను? అలాంటి పిల్లల బడికి పంపితే తనకే మంచిది కదా," అని ప్రెస్కాట్‌తో అంది కూడా. ఆయన ఒప్పుకోలేదు. టీచరు మాటల్ని సైగల్లోకి, ఓడెట్ సైగల్ని మాటల్లోకి మార్చడానికి జోసెలిన్ అనే అమ్మాయిని పెట్టారు. రెండు వారాలు ఓడెట్ జోసెలిన్‌నే అంటిపెట్టుకుని ఉంది. తర్వాత వెస్లీ వచ్చి, డైనోసార్‌ని చేతులతో ఎలా అంటారని అడిగాడు. ఓడెట్ చూపించింది. అంతే, ఇక గదంతా ఆ పిల్ల చుట్టూనే.

నిద్రవేళలో జోసెలిన్ భోజనానికి వెళ్తుంది. ఒకరోజు ఆమె వెళ్ళాక అయిలీ కుర్చీలో వెనక్కి వాలి, చిన్నగా గురక కూడా పెట్టి, ఓరకంట చూసింది. దుప్పట్లు మెల్లగా తొలిగాయి. ముప్ఫై ఆరు చేతులు గాల్లోకి లేచాయి. ఓడెట్ మోకాళ్ళ మీద నిలబడి ఏదో కథ చెబుతోంది. కొందరు ప్రశ్నలు వేస్తున్నారు. వెస్లీ, ఇంగ్రిడ్ చడీచప్పుడు లేకుండా పోట్లాడుకుంటున్నారు.

మర్నాడు అయిలీ జోసెలిన్‌ని తలుపు అద్దంలోంచి చూడమంది. చూస్తూ చూస్తూ జోసెలిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమంటోంది?"

"ఎలుగుబంటి బడికొచ్చి హెడ్మాస్టరు గారి ప్యాంటు తినేసిందట. ఆయన కర్టెన్ చుట్టుకుని తిరుగుతున్నారు."

"తర్వాత?"

"తర్వాతది రేపట. మూడు వారాల నుంచి నడుస్తోందిట ఈ కథ."

కోప్పడదామంటే దేనికని కోప్పడాలి? నోరు మెదపొద్దని తనే అంది, ఎవరూ మెదపలేదు. ఆమెకు నిజంగా కష్టం కలిగించింది వేరే విషయం. ఆ గదిలో ఆ కథ అర్థం కానిది తనొక్కర్తికే.

పది రోజులు సాయంత్రాలు జోసెలిన్ దగ్గర కూర్చుని నేర్చుకుంది. పదకొండో రోజు నిద్రవేళలో వచ్చి పిల్లల మధ్య నేల మీద చతికిలబడింది. అందరూ బిగుసుకుపోయారు. "నేనూ ఒక కథ చెప్పనా?" అని చేతులతో అడిగింది. ఓడెట్ కాసేపు ఆలోచించి సరేనంది.

తన చిన్నప్పటి సంగతి చెప్పింది అయిలీ. గడ్డకట్టిన సరస్సు. మంచులో కన్నం. తాతయ్యతో చేపల వేట. తను చలికి ఏడిస్తే తాతయ్య జేబులోంచి యాపిల్ తీసి ఇచ్చాడు. ఊపులో ఉండి ఆ ఒక్క సైగ చెంప దగ్గర తిప్పాల్సింది కంటి పక్కన తిప్పింది.

ఓడెట్ కళ్ళు పెద్దవయ్యాయి. "పచ్చిదేనా?" అన్నాయి చేతులు.

"పచ్చిదే."

"మొత్తం తినేశారా?"

"మొత్తం. ఎంత తియ్యగా ఉందో. ఇంకోటి కూడా అడిగాను."

వెస్లీ ఇక ఆపుకోలేక బయటికే నవ్వేశాడు. ఆ వెంటే అందరూ చాపల మీద పడి దొర్లారు. ఓడెట్ అయితే నేలను రెండు చేతులా బాదుతూ నవ్వింది. ఎందుకో తెలియకపోయినా అయిలీ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. సగం తిన్న శాండ్‌విచ్‌తో జోసెలిన్ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది?"

"టీచర్ చిన్నప్పుడు మంచు మీద కూర్చుని పచ్చి ఉల్లిపాయ తిన్నారు," అన్నాడు వెస్లీ ఆయాసపడుతూ. "రెండు."

చెంప దగ్గరైతే యాపిల్, కంటి దగ్గరైతే ఉల్లిపాయ అని అప్పుడు చెప్పింది జోసెలిన్.

మర్నాడు అయిలీ తప్పు దిద్దుకోబోయింది. ఎవరూ దిద్దనివ్వలేదు. ఓడెట్ ముఖం గంభీరంగా పెట్టి చేతులు ఆడిస్తుంటే జోసెలిన్ మాటల్లో పెట్టింది. "యాపిల్ కథ బాలేదు. ఉల్లిపాయదే బాగుంది. పైగా టీచర్‌కి ఇంతవరకు చేతులతో పిలిచే పేరు లేదు. ఇక నుంచి ఇదే పేరు." ఓడెట్ కంటి పక్కన వేలు మడిచి తిప్పింది. మిగతా పదిహేడు వేళ్ళూ అలాగే తిరిగాయి.

ఆ సాయంత్రం ఇంటికెళ్తూ ఎర్రదీపం దగ్గర కారు ఆపి, అయిలీ అద్దంలో చూసుకుంటూ కంటి పక్కన వేలు తిప్పి తన పేరు తనే చెప్పుకుంది. బాగుందనిపించి మళ్ళీ చెప్పుకుంది. పక్క కారులో ఉన్నిటోపీ పెద్దాయన అద్దం దించాడు.

"ఏమ్మా, ఏడుస్తున్నారా? ఏమైనా సాయం కావాలా?"

"లేదండీ. నా పేరు ప్రాక్టీసు చేస్తున్నా."

ఆయన ముఖం చూసి ఆమెకు మళ్ళీ నవ్వు ముంచుకొచ్చింది. పచ్చదీపం వెలిగినా కారు కదపలేకపోయింది. వెనకాల హారన్ల మోత మొదలైంది.