కాత్యాయనికి వచ్చిన తెలుగు

...ఆ నోరు తనదే, మాట చివర కింది పెదవి కాస్త పక్కకి జారే తీరు కూడా తనదే, అందులోంచి వస్తున్న గొంతు మాత్రం అద్దానికి అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడ్డ నఫీసాది, భలే అతికింది అనుకుంది కాత్యాయని, పక్కింటి దండెం మీద ఆరేసిన బట్టల్ని చూసినట్టు తెరమీద తన మొహాన్ని చూసుకుంటూ, సిడ్నీ శివారు పరమట్టాలో ఈ డబ్బింగ్ గది మరీ ఇరుకు, ఏసీ మరీ చల్లన, కిటికీ బయట చెత్తడబ్బా మీద పొడుగు ముక్కు తెల్లపక్షి ఒకటి ఎవరో పారేసిన చిప్స్ పొట్లాన్ని నిదానంగా విప్పుతోంది, దానికున్న ఓపిక తనకుంటే ఈ వృత్తిలో ఇంకో పదేళ్లు ఉండొచ్చు, యాభై దాటాక అమెరికాలో అమ్మమ్మ వేషాలకి కూడా పిలవడం మానేశారు, అందుకే సిడ్నీలో తీసే సీరీస్‌లో తెలుగావిడ వేషం అనగానే విమానం ఎక్కేసింది, తెలుగు వచ్చా ఆంటీ అని డైరెక్టర్ భార్గవ్ వీడియో కాల్‌లో ఇంగ్లీషులో అడిగితే వచ్చు అంది, అబద్ధమేం కాదు, కొంత వచ్చు.

కాత్యాయని అనే పేరు పోస్టర్ మీద పట్టదని మొదటి ఏజెంటు దాన్ని రెండు ముక్కలు చేసి క్యాట్ యానీ అన్నాడు, యానీ గ్రీకు ఇంటిపేరులా ఉండటంతో అందరూ గ్రీకు పిల్ల అనుకున్నారు, ఆమె కాదనలేదు, గ్రీకు హోటలు ఓనరు కూతురు, ఇటాలియన్ వితంతువు, మెక్సికో నుంచి వచ్చిన పనిమనిషి, ఒక్కో మనిషికి ఒక్కో యాస, సినిమా అయిపోగానే మర్చిపోవడమే, తర్వాత పోలీసు సీరియల్లో ఏడు సీజన్ల పాటు శవపరీక్ష డాక్టరు, తెల్లకోటూ రబ్బరు తొడుగులూ, వారానికో శవం పక్కన నిలబడి ఎలా పోయారో రెండు వాక్యాల్లో చెప్పి ఫ్రేములోంచి తప్పుకోవడం, ఎయిర్‌పోర్టుల్లో జనం ఇప్పటికీ ఆపి నేనెలా పోతానో చెప్పండి డాక్టర్ అంటూ సెల్ఫీకి నిలబడతారు, వాళ్ల మెడ కాస్త పరీక్షగా చూసి ఏదో ఒకటి చెప్తుంది, ఆ ఏడు సీజన్లలోనే రెండు పెళ్లిళ్లు వచ్చి పోయాయి, వాటికి ఏడ్చినట్టు గుర్తులేదు, కెమెరా ముందైతే కన్నీళ్లు అడిగిన కంట్లోంచి అడిగినప్పుడు వచ్చేవి, కుడికన్నా ఎడమకన్నా అని డైరెక్టర్‌ని అడిగేది, సెట్లో దాన్ని జోకులా చెప్పుకునేవాళ్లు, ఆమె జోక్‌గా అడిగింది కాదు.

సారీ మేడమ్, ఇంకొక్కసారి వేయమనండి అంటోంది నఫీసా, ఒంగోలు మనిషి, ఇక్కడికి దగ్గర్లోనే గిరావీన్‌లో ఉంటుంది, పగలు మందుల షాపులో పని, వారాంతంలో తెలుగు రేడియో, గొంతు కోసం ఏరికోరి తెచ్చారు, తెరమీద మళ్లీ అదే ఆసుపత్రి గది, మంచం మీద భర్త, ఆఖరి ఘడియ, భార్య అతని నుదుటిమీద చెయ్యి పెట్టి తన భాషలో ఏదో చెప్తుంది అని మాత్రమే ఉంది స్క్రిప్టులో, భార్గవ్ ఇక్కడే పుట్టి పెరిగాడు, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే, వాటెవర్ కమ్స్, ఆంటీ, అన్నాడు, నోటికి వచ్చింది అనేసింది, ఒకే టేకు, కెమెరామన్ మొహం తిప్పుకున్నాడు, ఇన్నేళ్లలో ఇంత మంచి సీను తనకి పడలేదు, ఆ సంగతి తనకీ తెలుసు, తీరా ఆ ముక్క భార్గవ్ ఇంట్లో చూపిస్తే వాళ్లమ్మ నవ్విందట, ఎవర్రా ఈవిడ, చచ్చిపోతున్న మొగుడితో చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది, తెలుగువాళ్లు చూస్తే పరువు పోతుంది అందట, అందుకే ఈ డబ్బింగ్, ఒప్పుకుంటేనే వేస్తాం, లేదంటే మాటలు తీసేసి మ్యూజిక్ పెడతాం, యువర్ కాల్, ఆంటీ, అని ఆమె చేతుల్లో పెట్టాడు భార్గవ్, సాయంత్రానికి చెప్పాలి.

నఫీసా హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని ఇవతలికి వచ్చింది, ఏమనుకోకండి మేడమ్, నిద్రపోండి అని రాశారు నాకు, కరెక్టే, కానీ మీ పెదాలు మొదట్లోనే మూసుకుంటన్నాయి, నా మాటకి మధ్యలో మూసుకోవాలి, ఎన్నిసార్లు చెప్పినా సింక్ అవట్లేదు, మీరక్కడ బజ్జో అన్నారు కదా, బువ్వ తిన్నావా అన్నారు, నొప్పి ఏదీ, ఉఫ్, పోయింది అన్నారు, మా ఇఫ్రా పసిదిగా ఉన్నప్పుడు నేను అన్న మాటలవి, మీకెవరు నేర్పారు మేడమ్.

ఎవరు నేర్పారు, యాసలు నేర్పే మాస్టార్లెవరూ కాదు, అమ్మ, అమెరికాలో ఓహాయో రాష్ట్రం, టొలీడో ఊరు, చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడల్లా నుదుటిమీద అమ్మ చెయ్యి, ఉఫ్ అని ఊదితే జుట్టుకి తగిలే వెచ్చటి గాలి, తర్వాత ఆ అమ్మే ఆసుపత్రిలో పడింది, పిల్లల్ని పైకి రానివ్వం అని లిఫ్టు దగ్గర ఒక నర్సు, కింద బెంచీ మీద కూర్చోబెట్టి నాన్న శేషాద్రి ఒక్కడే పైకెళ్లాడు, ఆరేళ్ల పిల్ల, ఈసారి జ్వరం అమ్మకి కదా, అమ్మ తనకి చెప్పినవన్నీ అమ్మకి చెప్పాలి అని వరసగా నోట్లోనే అనుకుంటూ కూర్చుంది, లిఫ్టు తలుపు తెరుచుకుని నాన్న వచ్చి పద అన్నాడు, ఇంగ్లీషులో, ఆ రోజునుంచి ఆ ఇంట్లో అమ్మా లేదు, తెలుగూ లేదు, నాన్నకి మాట్లాడాలనిపించలేదేమో, అందుకే కాత్యాయని తెలుగు ఆరేళ్ల దగ్గర ఆగిపోయింది, తెలుగులో తనని మీరు అన్న మనిషి ఇన్నేళ్లకి ఈ నఫీసాయే కాబోలు.

మా అమ్మ అంది కాత్యాయని, ఆమె గొంతు మామూలుగానే ఉంది, నఫీసా మెడలోంచి హెడ్‌ఫోన్లు తీసేసింది, అయితే మీ మాటే ఉంచమని నేను భార్గవ్‌కి చెప్తాను మేడమ్, వాళ్లమ్మగారికి కూడా చెప్తాను, అర్థం చేసుకుంటారు అంది, వద్దు, నీదే వెయ్యమను, సింక్ కుదిరేదాకా కూర్చుంటాను, పరవాలేదు అంది కాత్యాయని, త్యాగమేం కాదు, తెరమీద ఎవరి గొంతు వినిపించినా ఇప్పుడు తేడా ఏమీ లేదని తెలిసిపోయింది, షూటింగ్ వేళ తన చేతి కింద ఉన్నది ఆ నటుడి నుదురు కాదు, కింద బెంచీ మీద కూర్చోబెట్టిన పిల్ల ఇన్నేళ్లకి పైకి వెళ్లింది, చెప్పాలనుకున్నవన్నీ చెప్పేసి వచ్చింది.